పశుగణము నీడ ఎంత పొడవు?

ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ 2006 నవంబరులో రోము నగరమునుండి ఒక పెద్ద నివేదికను వెలువరించినది. దాని పేరు "లైవ్‌స్టాక్స్ లాంగ్ షాడో". అనగా పశుగణపు పొడవైన నీడ. హెన్నింగ్ స్టైన్‌ఫెల్డ్, పియర్ గెర్బర్ మొదలగు ఆరుగురు నిపుణులు దానిని రచించిరి. దాదాపు నాలుగువందల పుటల ఆ గ్రంథమును సాంతముగా చదివినవారు కొద్దిమంది. అందలి ఒక్క అంకెను విన్నవారు మాత్రము ఎందరో. మానవుల పనులవలన వాయుమండలమున చేరు హరితగృహ వాయువులలో నూటికి 18 వంతులు పశుపోషణవలననే కలుగుచున్నవనియు, ఈ వంతు మోటారుబండ్లు, ఓడలు, విమానములు మొదలగు రవాణా సాధనములన్నిటి వంతు కంటె హెచ్చనియు చెప్పిన అంకెయే అది.

పుస్తకములోని అంకె పుస్తకమును దాటి బయటకు పోయిన పిమ్మట తీర్పుగా మారును. ఈ తీర్పు భారతదేశమునకు చిన్న విషయము కాదు. 2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము ఈ దేశమున 19 కోట్ల 25 లక్షల గోజాతి పశువులును, 10 కోట్ల 98 లక్షల గేదెజాతి పశువులును కలవు. వీటిలో అధికభాగము ఒకటి రెండు పశువులు గల చిన్న కుటుంబముల పెరటిలో ఉన్నవి. పంట పోయిన సంవత్సరమున గూడ ఆ ఇంట వంటకు ఉప్పు, పప్పు తెచ్చునది పాల డబ్బే. ఆ ఇంటి గేదెయు, అడవిని నరికి వేసిన బీడులో పెరుగు మాంసపు పశువును ఒకే అంకె క్రింద దోషులైనచో, న్యాయము జరిగినట్లేనా? అంకె తప్పయినచో బీదవానికి నష్టము. అంకె నిజమై యుండి దానిని త్రోసిపుచ్చినచో అందరికిని నష్టము. కనుక ఆ అంకె ఏ లెక్కలో పుట్టినదో పరిశీలించుట అవసరము.

నివేదిక చేసిన మేలు

ముందుగా ఈ గ్రంథము గొప్పతనమును ఒప్పుకొనవలెను. అంతకు పూర్వము పశువుల లెక్క ఒక్కచోట ఉండెడిది కాదు. పశువు పొట్టలోని వాయువు వ్యవసాయపు పద్దులో, మేత పంటకు వాడిన ఎరువు పరిశ్రమల పద్దులో, బీడుకొరకు నరికిన అడవి అటవీ పద్దులో చేరెడివి. ఈ రచయితలు మేత విత్తినది మొదలు మాంసము, పాలు తయారగువరకు గల గొలుసునంతటిని ఒకచోట చేర్చి లెక్కించిరి. శాస్త్రదృష్టితో చూచినచో ఇది మంచి పద్ధతి. ఒక వస్తువు ధర తెలియవలెనన్న అంగడిలో చెల్లించిన పైకము మాత్రము చాలదు; దానికై నేల, నీరు, గాలి చెల్లించిన మూల్యము గూడ తెలియవలెను.

అట్లు లెక్కింపగా తేలిన సంగతులు ఆలోచింపదగినవి. మంచు లేని భూభాగములో నూటికి 30 వంతులు ఏదో ఒక రీతిగా పశుపోషణకు వినియోగమగుచున్నది. సేద్యపు నేలలో మూడవవంతున పశువుల మేతకై పంటలు పండుచున్నవి. అమెజాను ప్రాంతమున పూర్వము అడవిగా నుండి తరువాత నరకబడిన నేలలో నూటికి 70 వంతులు పచ్చికబీళ్ళయినవి. మానవకారణములచే వెలువడు మీథేనులో 37 వంతులు, నైట్రస్ ఆక్సైడులో 65 వంతులు, అమ్మోనియాలో 64 వంతులు పశుపోషణకు చెందునని నివేదిక లెక్క. 2050 నాటికి ప్రపంచపు మాంసోత్పత్తి 22.9 కోట్ల టన్నులనుండి 46.5 కోట్ల టన్నులకును, పాల ఉత్పత్తి 58 కోట్ల టన్నులనుండి 104.3 కోట్ల టన్నులకును పెరుగునని గూడ అది అంచనా వేసినది.

దాదాపు 100 కోట్ల బీదలకు పశువులే జీవనాధారమనియు, మానవజాతి తిను మాంసకృత్తులలో మూడవవంతు పశువులనుండియే వచ్చుచున్నదనియు ఇదే గ్రంథము చెప్పినది. కాని ఈ వాక్యములు 18 అను అంకె పొందిన ప్రచారమును పొందలేదు. ఈ లోపము చదివినవారిది మాత్రమే కాదు. గ్రంథపు సారాంశము ఆ అంకెను నిలిపిన తీరుది గూడ.

నెమరులోని రసాయనము

లెక్కను విమర్శించుటకు ముందు పశువు పొట్టలో జరుగునదేమో తెలిసికొనవలెను. ఆవు, గేదె, మేక, గొఱ్ఱె నెమరువేయు జంతువులు. వీటి జఠరపు మొదటి అరను రుమెన్ అందురు. అందు కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసించుచున్నవి. మనుష్యుడు జీర్ణింపలేని గడ్డిలోని సెల్యులోజును ఈ జీవులు పులియబెట్టి, ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లములుగా మార్చును. పశువు శరీరమునకు శక్తినిచ్చునవి ఈ ఆమ్లములే. పులియుటలో ఉదజని వాయువు పుట్టును. దానిని మీథేనోజెనులను మరికొన్ని సూక్ష్మజీవులు బొగ్గుపులుసు వాయువుతో కలుపును. నాలుగు ఉదజని అణువులు, ఒక బొగ్గుపులుసు వాయువు అణువు కలిసి ఒక మీథేను అణువు, రెండు నీటి అణువులు అగును. ఈ మీథేను చాలవరకు త్రేనుపు రూపమున నోటినుండియే వెలుపలికి వచ్చును. వెనుకనుండి వచ్చునను వాడుక సరియైనది కాదు.

పశువు తిన్న మేతలోని మొత్తము శక్తిలో నూటికి 2 మొదలు 12 వంతులవరకు ఇట్లు గాలిలో కలియుచున్నది. అనగా మీథేను వాతావరణమునకు భారము మాత్రమే కాదు, రైతుకు మేత నష్టము గూడ. వరిగడ్డి, చొప్పవంటి పీచు హెచ్చుగా గల మేతలో ఎసిటిక్ ఆమ్లము, దానితో ఉదజని, అందువలన మీథేను హెచ్చును. దాణా కలిపిన మేతలో ప్రొపియోనిక్ ఆమ్లము పెరిగి మీథేను తగ్గును. ఈ ఒక్క విషయము గుర్తుంచుకొన్నచో ముందు రాబోవు లెక్కలన్నియు సులభముగా బోధపడును.

తక్కెడ రెండు సిబ్బెలు

ఇక నివేదికలోని పెద్ద లోపము. పశుపోషణను రవాణాతో పోల్చినపుడు రచయితలు రెంటిని ఒకే తూకముతో తూచలేదు. పశువు విషయమున మేత పంట, ఎరువు తయారీ, అడవి నరకుట, పేడ, మాంసపు తయారీ అన్నియు చేర్చిరి. రవాణా విషయమున బండి నడచునపుడు పొగగొట్టమునుండి వచ్చు వాయువులను మాత్రమే లెక్కించిన అంకెను తీసికొనిరి. ఆ బండికి కావలసిన ఉక్కును కరగించుట, చమురును తవ్వి శుద్ధిచేయుట, రోడ్డు వేయుట అందు చేరలేదు. ఒక సిబ్బెలో ధాన్యమును బస్తాతో సహా ఉంచి, రెండవ సిబ్బెలో ధాన్యమును మాత్రము పోసి తూచినట్లయినది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలోని ఆచార్యుడు ఫ్రాంక్ మిట్లోనర్ 2010లో ఈ సంగతిని బహిరంగముగా ఎత్తిచూపెను. నివేదిక కర్తలలో ఒకరైన గెర్బర్ రవాణాతో చేసిన పోలికకు సంబంధించినంతవరకు ఈ ఆక్షేపణ సబబేనని ఒప్పుకొనెను. మిట్లోనర్ నడుపు కేంద్రమునకు పశుపరిశ్రమనుండి ధనము అందుచున్నదని 2022లో పత్రికలు వ్రాసినవి. చెప్పినవాని సంచిని చూచుట మంచిదే. కాని తక్కెడ సరిగా లేదన్న మాట ఎవరు చెప్పినను, తక్కెడను చూచియే దాని నిజానిజములను తేల్చవలెను. అట్లు చూచినచో ఈ ఆక్షేపణ నిలుచునదే.

ఇంతకంటె ఆసక్తికరమైన సంగతి ఒకటి కలదు. ఇదే సంస్థ 2013లో మరియొక నివేదికను ప్రకటించి, పశుపోషణ వంతును 14.5గా చెప్పినది. ఏడు సంవత్సరములలో పశువుల దోషము తగ్గినదని పలువురు భావించిరి. నిజమునకు రెండు నివేదికలలోను పశుపోషణకు చెందిన మొత్తము సుమారు 710 కోట్ల టన్నులే. మొదటి నివేదికలో ప్రపంచపు మొత్తము దాదాపు 4,000 కోట్ల టన్నులు. రెండవదానిలో 4,900 కోట్ల టన్నులు. 710ని 4,000చే భాగించి నూరుచే గుణించినచో 18కి చేరువగా వచ్చును. 4,900చే భాగించినచో 14.5 వచ్చును. మొత్తములు కలిసినది యాదృచ్ఛికము, లోపలి పద్ధతులు మారినవి. అయినను భిన్నములో లవము మారకున్నను హారము మారినచో ఫలితము మారునని ఉన్నత పాఠశాల విద్యార్థి ఎరుగును. పత్రికలలో శీర్షికలు వ్రాయువారు మరచిరి. 2023లో సంస్థ మరల లెక్కించి 2015 సంవత్సరమునకు 620 కోట్ల టన్నులు, అనగా 12 వంతులని చెప్పినది.

అతిశయోక్తి మరొక వైపు

నివేదికను తక్కువ లెక్కగా భావించినవారు గూడ ఉన్నారు. రాబర్ట్ గుడ్‌లాండ్, జెఫ్ అన్‌హాంగ్ అనువారు 2009లో ఒక వ్యాసము వ్రాసి, పశువుల వంతు 18 కాదు, 51 అని ప్రకటించిరి. వారు చేర్చిన పద్దులలో పెద్దది పశువుల ఊపిరి. పశువు విడుచు బొగ్గుపులుసు వాయువును మోటారుబండి పొగతో సమానముగా లెక్కించిరి.

ఇది మౌలికమైన పొరపాటు. పశువు విడుచు ఊపిరిలోని కర్బనము ఎక్కడిది? తిన్న గడ్డిది. గడ్డికి ఎక్కడిది? కొద్ది నెలల క్రితము కిరణజన్య సంయోగక్రియచే గాలినుండి గ్రహించినది. తీసికొన్నదానిని తిరిగి ఇచ్చుటవలన గాలిలో కొత్త కర్బనము చేరదు. పెట్రోలులోని కర్బనమో, కోట్ల సంవత్సరములు భూమి అడుగున ఉండి పైకి వచ్చినది. ఈ రెంటి భేదమును మరచిన లెక్క ఎంత పెద్దదైనను విలువలేనిది. మీథేను విషయము వేరు. దానిలోని కర్బనమును గడ్డినుండి వచ్చినదే అయినను, మీథేను రూపమున ఉన్నంతకాలము అది వేడిని ఎన్నో రెట్లు హెచ్చుగా పట్టి ఉంచును. నూరు సంవత్సరముల లెక్కలో దానిని 2006 నివేదిక 23 రెట్లుగా తీసికొన్నది. నేటి అంచనాలో పశువుల మీథేనుకు అది 27 రెట్లు. కనుక ఊపిరిని లెక్కనుండి తీసివేయుట న్యాయము. త్రేనుపును తీసివేయుట న్యాయము కాదు.

సగటు దాచిన సంగతి

2006 నివేదికలోని 710 కోట్ల టన్నులలో మూడవవంతు అడవులు నరకుటవలన కలిగినది. అది ముఖ్యముగా దక్షిణ అమెరికాలో జరిగినది. నెమరువలన పుట్టు మీథేను సంవత్సరమునకు 8.6 కోట్ల టన్నులని నివేదిక లెక్క; దాని వంతు మొత్తములో నాలుగవవంతు ప్రాంతము మాత్రమే. అనగా మోపబడిన భారములో పెద్ద భాగము పశువు శరీర ధర్మమునకు సంబంధించినది కాదు. పశువును ఎక్కడ, ఏ మేతతో పెంచుచున్నారను విషయమునకు సంబంధించినది.

దీనికి తెలుగుదేశపు పశువే మంచి ఉదాహరణము. ఒంగోలు జాతి పశువులు పందొమ్మిదవ శతాబ్దమునుండి 1960 ప్రాంతమువరకు పలుమారులు బ్రెజిలు దేశమునకు తీసికొనిపోబడినవి. నెల్లూరు పేరుమీద అచ్చట వీటిని "నెలోరె" అందురు. ఇరువది కోట్లకు మించిన బ్రెజిలు పశుగణములో నేడు ఈ జాతి రక్తము గలవే అధికము. ఆ దేశమున అడవి నరికిన బీళ్ళలో మేయునది ఈ జాతియే. ప్రకాశము, గుంటూరు జిల్లాల పల్లెలలో జొన్నచొప్ప, వరిగడ్డి తిని నాగలి లాగినదియు ఈ జాతియే. గుంటూరు వద్ద లాము క్షేత్రమున దీనిని కాపాడుచు పరిశోధనలు చేయుచున్నారు. ఒకే రక్తము, ఒకే రుమెన్, ఒకే సూక్ష్మజీవులు. ఒకచోట ఆ పశువు వెనుక నరికిన అడవి ఉన్నది; మరియొకచోట కోసిన పొలము ఉన్నది. ప్రపంచపు సగటు ఈ రెంటిని కలిపి ఒకే అంకె చేసినది. నివేదికలోపలి అధ్యాయములు ఈ భేదమును చెప్పకపోలేదు. శీర్షికకు ఎక్కిన అంకె దానిని చెరిపివేసినది.

తలకు ఎంత? లీటరుకు ఎంత?

వాతావరణ మార్పులపై గల అంతర్‌ప్రభుత్వ సంఘము అదే 2006లో దేశములు లెక్కలు కట్టుకొనుటకు కొన్ని ప్రమాణములు ఇచ్చినది. వాటి ప్రకారము ఉత్తర అమెరికాలోని పాడియావు సంవత్సరమునకు 128 కిలోగ్రాముల మీథేను విడుచును. భారత ఉపఖండపు పాడిపశువు 58 కిలోగ్రాములు విడుచును. తలకు లెక్కించినచో మన పశువు దోషము సగము కంటె తక్కువ. అయితే ఆ అమెరికా ఆవు ఏటికి 8,400 కిలోగ్రాముల పాలు ఇచ్చుననియు, ఇచ్చటి పశువు 900 కిలోగ్రాములు ఇచ్చుననియు అదే పట్టిక చెప్పుచున్నది. ఇపుడు భాగించి చూడుడు. అచ్చట కిలోగ్రాము పాలకు సుమారు 15 గ్రాముల మీథేను. ఇచ్చట సుమారు 64 గ్రాములు. పాలకు లెక్కించినచో మన దోషము నాలుగు రెట్లు హెచ్చు! వాస్తవము ఒక్కటే, హారము మారగనే తీర్పు తలక్రిందులైనది.

ఇట్లగుటకు కారణము సులభము. పశువు తిన్నదానిలో మొదటి భాగము దాని ప్రాణము నిలుపుకొనుటకే ఖర్చగును, మిగిలినదే పాలగును. తక్కువ పాలిచ్చు పశువులో ప్రాణపోషణపు మీథేను అంతయు ఆ కొద్ది పాలమీదనే పడును. ఈ లెక్కను చూపి, తక్కువ పశువులు, హెచ్చు దాణా, హెచ్చు పాలు అను తీవ్రపోషణ మార్గమే మేలని నివేదిక మొగ్గు చూపినది.

ఇచ్చట విమర్శకుడు రెండు విషయములు అడుగవలసి యున్నది. మొదటిది, అమెరికా ఆవు తిను మొక్కజొన్న, సోయాచిక్కుడు మనుష్యుడు తినదగినవి, మంచి నేలలో పండవలసినవి. మన గేదె తిను వరిగడ్డి, తవుడు, తెలగపిండి మనుష్యుని పంటనుండి మిగిలినవి. ప్రపంచపు పశువులు తిను మేతలో నూటికి 86 వంతులు మనుష్యుడు తినలేనివేయని 2017లో ఇదే సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు లెక్క తేల్చిరి. మనుష్యునికి పనికిరాని గడ్డిని పాలుగా మార్చు పశువునకు ఆ మేలు లీటరు లెక్కలో చేరదు. రెండవది, మన పశువు పాలతోపాటు పేడ ఇచ్చును, దూడను ఇచ్చును, కొన్నిచోట్ల బండి లాగును, కష్టకాలమున అమ్ముకొనదగిన ఆస్తిగా నిలుచును. అన్ని పనులు చేయు పశువు దోషమునంతను పాలమీదనే వేయుట సరియైన లెక్క కాదు.

మనకు మినహాయింపు లేదు

ఇంతమాత్రమున మన పశుపోషణ నిర్దోషియని చెప్పరాదు. వాయుమండలము పాలను కొలువదు, మీథేనును కొలుచును. 1951 పశుగణనలో మన గోజాతి 15.5 కోట్లు, గేదెజాతి 4.3 కోట్లు, 2019 నాటికి రెండును కలిసి 30 కోట్లు దాటినవి. అనగా పశువులు ఒకటిన్నర రెట్లయినవి. పాల ఉత్పత్తి మాత్రము 1950-51లోని 1.7 కోట్ల టన్నులనుండి 2023-24లో 23.9 కోట్ల టన్నులకు, అనగా 14 రెట్లు పెరిగినది. ఒక్కొక్క లీటరు వెనుక గల మీథేను బాగుగా తగ్గినది, మొత్తము తగ్గలేదు.

మీథేను గాలిలో సుమారు పండ్రెండు సంవత్సరములే నిలుచును. కనుక పశుసంఖ్య స్థిరముగా ఉన్నచోట పాత మీథేను పోవుచుండగా కొత్తది దాని స్థానమును నింపును. వేడిమి దాదాపు అదే మట్టమున ఉండును. ఈ దృష్టితో కొత్త కొలమానములను 2018 ప్రాంతమున ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. దీనిని కొందరు పశువులకు క్షమాపత్రముగా చదువుచున్నారు. అది తప్పు. మీథేను త్వరగా పోవునన్న మాటకు రెండవ అర్థము, దానిని తగ్గించినచో ఫలితము గూడ త్వరగా కనిపించునని.

తగ్గించు మార్గములు మన రైతు చేతికి అందనివి కావు. పెయ్య, పడ్డ ఆలస్యముగా చూలు కట్టుట, ఈతకు ఈతకు నడుమ పశువు నెలల తరబడి ఒట్టిపోయి యుండుట మన పాడికి పెద్ద నష్టము. ఆ కాలమంతయు పశువు మేత తినుచు, మీథేను విడుచుచు, పాలు ఈయదు. పచ్చిమేత, ఖనిజ లవణముల మిశ్రమము, సకాలమున వైద్యము లభించినచో ఈ వ్యర్థకాలము తగ్గును. నూరు కిలోగ్రాముల వరిగడ్డికి నాలుగు కిలోగ్రాముల యూరియాను నీటిలో కరగించి చల్లి, గాలి చొరకుండ మూడు వారములు మాగవేసినచో గడ్డి మెత్తబడి బాగుగా జీర్ణమగును. పేడను గోబర్‌గ్యాసు తొట్టిలో వేసినచో పుట్టిన మీథేను పొయ్యిలో మండి, మిగిలిన మడ్డి పొలమునకు ఎరువగును. వీటిలో ఏదియు రైతు ఆదాయమును తగ్గించునది కాదు. 2013 నివేదిక గూడ ఈ దారినే గట్టిగా సూచించినది. ఒక్కొక్క ప్రాంతమున మేలైన రైతులు చేయు పనులను మిగిలినవారును చేసినచో పశుపోషణ వాయువులను నూటికి 30 వంతులవరకు తగ్గింపవచ్చునని అంచనా వేసినది.

కనుక 2006 నివేదికపై తుది మాట ఇది: గొలుసునంతటిని లెక్కింపవలెనన్న దాని పద్ధతి నిలిచినది, రవాణాతో చేసిన పోలిక నిలువలేదు, అడవుల గూర్చి చేసిన హెచ్చరిక నేటికిని సత్యము. చిన్న రైతు పెరటిని, పెద్ద బీడును వేరుచేసి చూపు అంకెను సారాంశపు మొదటి పుటలో పెట్టియున్నచో ఆ గ్రంథము ఇంకను మేలు చేసియుండెడిది. తరగతిలో దీనిని బోధించు ఉపాధ్యాయులు విద్యార్థులచే మూడు ప్రశ్నలు అడిగించవలెను: లవములో ఏమేమి చేర్చిరి? హారముగా దేనిని తీసికొనిరి? ఈ సగటులో ఎవరెవరు కలిసిపోయిరి? ఈ మూడింటికి సమాధానము దొరకువరకు, అంకె ఎంత పెద్ద సంస్థనుండి వచ్చినను, అది ఇంకను పరీక్షింపవలసిన లెక్కయే కాని తీర్పు కాదు.